పెరటిచెట్టు వ్యాకరణం

ఇంగ్లీషు వ్యాకరణం కష్టమంటే నేను ఒప్పుకోను. కష్టమల్లా దాన్ని మన బళ్ళలో చెప్పే తీరులో ఉంది. అందులోనూ 'సబార్డినేట్ క్లాజు' అనే ఒక అమాయకపు జీవి ఉంది చూశారూ, దాన్ని అడ్డం పెట్టుకుని మన పిల్లల్ని ఏడిపించినంతగా ఇంకే పాఠంతోనూ ఏడిపించరు. తొమ్మిదో క్లాసులో మొదలైన ఈ ఏడుపు డిగ్రీ అయ్యాక పోటీ పరీక్షల దాకా సాగుతుంది. ఆ తర్వాత ఉద్యోగం వస్తుంది, పెళ్ళవుతుంది, పిల్లలు పుడతారు. వాళ్ళు తొమ్మిదో క్లాసుకి వస్తారు. ఏడుపు రెండో తరానికి అందుతుంది.

"కథలూ నవలలూ రాసుకునే దానివి, బి.ఎ. చదివిన దానివి, ఇంగ్లీషు గ్రామరు గొడవ నీకెందుకమ్మా?" అని మీరనవచ్చు. వాక్యాలమ్ముకుని బతికే మనిషికి వాక్యం గొడవ పట్టకపోతే ఇంకెవరికి పడుతుందండీ? పైగా ఇంగ్లీషులో ఎమ్.ఎ.లు చేసినవాళ్ళు ఇన్నాళ్ళూ మాట్లాడకుండా ఊరుకున్నారు కనకనే నేను నోరు చేసుకోవలసి వచ్చింది.

ముందు ఆ బ్రహ్మపదార్థం ఏమిటో తేల్చుకుందాం. మీ పక్కింటావిడ గోడ మీంచి తొంగిచూసి "రేపు వాన పడితే..." అని ఆగిపోయిందనుకోండి. మీరేమంటారు? "ఆఁ, పడితే?" అంటారు. ఆవిడ మాటలో వాన ఉంది, పడటం ఉంది, అంటే కర్తా క్రియా రెండూ ఉన్నాయి. అయినా మాట పూర్తికాలేదు. ఇంకో వాక్యం చెయ్యి పట్టుకుంటే తప్ప నిలబడలేదు. అదే సబార్డినేట్ క్లాజు. తెలుగులో ఉపవాక్యం. మనం అడిగిన ఆ "ఆఁ, పడితే?" అన్న ప్రశ్నే దానికి అసలైన నిర్వచనం. ఈ ముక్క చెప్పడానికి ఇంగ్లీషు గైడుల్లో అరపేజీ నిర్వచనం ఎందుకో, దాన్ని పిల్లలు బట్టీ పట్టడం ఎందుకో నాకు బొత్తిగా బోధపడదు.

ఇక ఈ క్లాజులు మూడు రకాలు. నామవాచకం పని చేసేది నౌన్ క్లాజు. విశేషణం పని చేసేది ఎడ్జెక్టివ్ క్లాజు. ఎప్పుడు, ఎందుకు, ఎక్కడ, ఏ షరతు మీద అని క్రియ సంగతి చెప్పేది ఎడ్వర్బ్ క్లాజు. చేసే పనిని బట్టి పేరు. ఇంతవరకూ బాగానే ఉంది. కానీ మన బళ్ళలో పని చూసి పేరు పెట్టడం నేర్పరు. మొహం చూసి పేరు పెట్టడం నేర్పుతారు. మా పక్కవాటాలో ఉండే పదో తరగతి పిల్ల నాకు అప్పజెప్పిన మంత్రం ఇది: "హూ, విచ్ వస్తే ఎడ్జెక్టివ్, దట్ వస్తే నౌన్, వెన్, ఇఫ్, బికాజ్ వస్తే ఎడ్వర్బ్." గుక్క తిప్పుకోకుండా చెప్పింది, పాపం.

ఈ మంత్రం ఎంత గొప్పదో చూడండి. "ఐ నో ద మ్యాన్ హూ కేమ్ యెస్టర్‌డే" అనే వాక్యంలో 'హూ' ఉంది. "ఐ నో హూ కేమ్ యెస్టర్‌డే" అనే దాంట్లోనూ 'హూ' ఉంది. మంత్రం ప్రకారం రెండూ ఎడ్జెక్టివ్ క్లాజులే కావాలి. కావు! మొదటిది ఎడ్జెక్టివ్, రెండోది నౌన్. ఇప్పుడు వీటిని తెలుగులో అనుకోండి. "నిన్న వచ్చిన మనిషి నాకు తెలుసు." "నిన్న ఎవరొచ్చారో నాకు తెలుసు." మొదటి దాంట్లో 'వచ్చిన' అనేది 'మనిషి'కి అంటుకుని కూర్చుంది, ఎర్రచీరకి 'ఎర్ర' అంటుకున్నట్టు. అది విశేషణం కాక మరేమిటి? రెండో దాంట్లో 'వచ్చారో' అని చివర ఒక 'ఓ' పలికింది. ఆ మొత్తం మాట 'తెలుసు' అనే క్రియకి ఆహారం. అది నామవాచకం చేసే పని. గైడుకి దొరకని తేడా తెలుగుపిల్ల చెవికి క్షణంలో దొరికిపోయింది.

ఇంకోటి. "ద న్యూస్ దట్ హి బ్రాట్", "ద న్యూస్ దట్ హి డైడ్". రెండింట్లోనూ 'దట్' ఉంది. పెద్దపెద్ద చదువులు చదివినవాళ్ళు కూడా ఇక్కడ తల గోక్కుంటారు. మన భాషలో అనండి: "అతను తెచ్చిన వార్త", "అతను పోయాడన్న వార్త". రెండో దాంట్లోకి 'అన్న' వచ్చి చేరింది. 'అని' కానీ దాని తోబుట్టువు 'అన్న' కానీ వస్తే లోపలున్నది ఒక సంగతి, ఒక కబురు. అంటే నౌన్ క్లాజు. ఉత్త 'తెచ్చిన' అయితే విశేషణం, అంటే ఎడ్జెక్టివ్ క్లాజు. అంతే!

'ఇఫ్' సంగతీ అంతే. "ఇఫ్ హి ఈజ్ ఎట్ హోమ్, ఐ విల్ కమ్" అంటే "అతను ఇంట్లో ఉంటే వస్తాను". "ఐ డోంట్ నో ఇఫ్ హి ఈజ్ ఎట్ హోమ్" అంటే "అతను ఇంట్లో ఉన్నాడో లేదో నాకు తెలీదు". ఒకచోట 'తే', ఒకచోట 'ఓ'. మొదటిది ఎడ్వర్బ్, రెండోది నౌన్. ఇంగ్లీషు ఒకే టోపీని ఇద్దరు మనుషులకి పెట్టి తికమక పెడుతుంది. తెలుగు ఆ టోపీ తీసి మొహం చూపిస్తుంది.

మరి ఇంత సులువైన సంగతి బళ్ళో ఎందుకు చెప్పరు? ఆ మధ్య ఒక బడి వార్షికోత్సవానికి పిలిస్తే వెళ్ళి, అక్కడి ఇంగ్లీషు మాస్టారిని ఈ ప్రశ్నే అడిగాను. మంచి మనిషి, సౌమ్యుడు.

"ఇంగ్లీషు క్లాసులో తెలుగు రానివ్వకూడదమ్మా. ఇంగ్లీషుని ఇంగ్లీషులోనే చెప్పాలి" అన్నారాయన.

"పిల్లలకి అర్థమవుతోందా మాస్టారూ?"

"అర్థం కావడానికేముందమ్మా? మార్కులొస్తున్నాయి" అన్నారు.

"మీ పక్క క్లాసులో తెలుగు మాస్టారు ఇవాళ ఏం పాఠం చెబుతున్నారో తెలుసునా?"

"నాకెలా తెలుస్తుందమ్మా? ఆయన పీరియడ్ ఆయనది, నా పీరియడ్ నాది."

రోగం ఎక్కడుందో తెలిసిందా? తెలుగు క్లాసులో పిల్లలు సామాన్య వాక్యం, సంక్లిష్ట వాక్యం, సంయుక్త వాక్యం చదువుతారు. 'చేసి' అంటే క్త్వార్థకం, 'చేస్తూ' అంటే శత్రర్థకం, 'చేస్తే' అంటే చేదర్థకం అని నేర్చుకుంటారు. గంట కొడతారు. ఇంగ్లీషు మాస్టారొచ్చి 'ఎడ్వర్బ్ క్లాజ్ ఆఫ్ కండిషన్' అని బోర్డు మీద రాస్తారు. అది ఇందాకటి చేదర్థకానికి మేనత్త కూతురని ఆ పిల్లలకి చెప్పేవాళ్ళే లేరు. ఒకే గదిలో, ఒకే బెంచీ మీద, గంట తేడాలో ఒకే సంగతిని రెండు వేర్వేరు లోకాల్లా బట్టీ పడతారు. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. పెరటిచెట్టు మందుకి పనికిరాదన్న సామెత కూడా ఇలాంటివాళ్ళని చూసే పుట్టి ఉంటుంది.

మందుకి పనికిరాదనుకోవడంతో ఆగినా సరిపోను. ఆ చెట్టుని చూడటమే నేరమన్నారు కొందరు. 2009లో కడప జిల్లా మైదుకూరులో ఒక బడిలో తెలుగు మాట్లాడారని చిన్నపిల్లల మెడలో 'ఇక తెలుగులో మాట్లాడను' అన్న అర్థం వచ్చే పలకలు వేలాడదీశారు. రాష్ట్రమంతా గగ్గోలయింది. అంత బాహాటంగా కాకపోయినా, తెలుగు మాట వినబడితే జరిమానా కట్టమనే బళ్ళు మనకి కొత్తవేం కావు. అలా నోరు నొక్కేస్తే పిల్లలకి ఇంగ్లీషు వస్తుందా? రాదు, భయం వస్తుంది. భయపడ్డ పిల్ల చిన్న చిన్న పొడి మాటలు మాట్లాడుతుందే గానీ, 'అయితే', 'అయినా', 'ఎందుకంటే' అంటూ మాట మీద మాట అల్లదు. అల్లిక లేనిచోట ఉపవాక్యం ఎక్కడినుంచి వస్తుంది?

ఇంగ్లీషువాళ్ళ సంగతి చూద్దాం. మన దేశానికొచ్చిన దొరలకి తెలుగు కావలసి వచ్చింది. 1816లో ఎ.డి. క్యాంప్‌బెల్, 1840లో సి.పి. బ్రౌన్ తెలుగు వ్యాకరణాలు అచ్చువేశారు. ఏ భాషలో రాశారు? తెలుగుని తెలుగులోనే చెప్పాలని పంతం పట్టారా? లేదే! సుబ్బరంగా ఇంగ్లీషులో రాశారు. తమవాళ్ళకి వచ్చిన భాష ఆసరాతో రాని భాష నేర్పారు. తెలివిగలవాళ్ళెవరైనా చేసేపని అదే. దొరలకి పనికొచ్చిన ఉపాయం మన పిల్లలదగ్గరికొచ్చేసరికి దోషమైపోయిందా?

తెలుగు మాధ్యమమా, ఇంగ్లీషు మాధ్యమమా అన్న పెద్ద తగవులోకి నేను పోను. 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తన బళ్ళలో ఇంగ్లీషు మాధ్యమం పెడుతూ జీవో ఇవ్వడం, 2020 ఏప్రిల్లో హైకోర్టు దాన్ని కొట్టేయడం, ఆ రోజుల్లో జరిగిన రభస మీకందరికీ తెలిసినదే. ఏ మాధ్యమంలో చదివినా సరే, ఇంటిదగ్గర అమ్మతో తెలుగు మాట్లాడే పిల్లకి ఇంగ్లీషు వాక్యం చెప్పేటప్పుడు ఆ తెలుగుని వాడుకోమంటున్నాను. అంతే నేననేది.

అసలు ఈ పేర్ల పిచ్చి ఇంగ్లండులోనే ఎంతదాకా పోయిందో వినండి. అక్కడ 2013 నుంచి పది, పదకొండేళ్ళ పిల్లలకి వ్యాకరణ పరీక్ష ఒకటి పెట్టారు. 2016 మే నెలలో బళ్ళ వ్యవహారాలు చూసే మంత్రి నిక్ గిబ్ గారిని బి.బి.సి. రేడియోలో ఒక ప్రశ్న అడిగారు. "భోంచేశాక సినిమాకి వెళ్ళాను" అనే అర్థంవచ్చే ఇంగ్లీషు వాక్యం చెప్పి, అందులో 'ఆఫ్టర్' అనేది ప్రిపొజిషనా, సబార్డినేటింగ్ కంజంక్షనా అన్నారు. ప్రిపొజిషన్ అన్నాడు మంత్రి. ఆయన ప్రభుత్వం పిల్లలకి చెప్పిన పాఠం ప్రకారం అది తప్పు! దేశమంతా నవ్వింది. అంతకన్నా తమాషా ఏమిటంటే, 2002లో కేంబ్రిడ్జి వాళ్ళు అచ్చువేసిన హడిల్‌స్టన్, పులమ్‌ల పెద్ద వ్యాకరణం ప్రకారం అది ప్రిపొజిషనే. అంటే పండితుల్లోనే ఏకాభిప్రాయం లేని పేరు కోసం పదేళ్ళ పిల్లలకి మార్కులు తీసేస్తున్నారన్నమాట.

మన 'తర్వాత' ఉంది చూడండి. "భోజనం తర్వాత" అంటాం, "భోంచేసిన తర్వాత" అంటాం. నామవాచకం పక్కనా అదే, క్రియ పక్కనా అదే. దాని కులగోత్రాలు అడగకుండానే కోట్లమంది వేళకి భోంచేసి, ఆ తర్వాత సినిమాకి వెళుతున్నారు.

"పేర్లు అక్కర్లేదంటావా అయితే?" అని అడక్కండి. గుర్తుపట్టడం అవసరమే. పేరు కోసం కాదు, పని కోసం. "వెన్ హి విల్ కమ్, ఐ విల్ టెల్ హిమ్" అని మనవాళ్ళు ఎందరు రాయగా చూశాను! అక్కడ 'విల్ కమ్' తప్పు, 'కమ్స్' అనాలి. కానీ "ఐ డోంట్ నో వెన్ హి విల్ కమ్" అంటే మాత్రం నిక్షేపంలా ఒప్పు. ఎందుకూ? మొదటిది ఎడ్వర్బ్ క్లాజు, రెండోది నౌన్ క్లాజు. తెలుగులో "అతను రేపు వచ్చినప్పుడు చెబుతాను" అంటాం. రేపటి సంగతికి 'వచ్చిన' అంటున్నాం, గమనించారా? అంటే మన భాష కూడా అక్కడ భవిష్యత్తుని పెట్టదు. "ఎప్పుడొస్తాడో తెలీదు" అన్నప్పుడు మాత్రం 'వస్తాడు' అని నిండుగా భవిష్యత్తే పెడుతుంది. రెండు భాషలూ ఇక్కడ ఒక్క మాట మీద ఉన్నాయి. ఈ సంగతి ఒక్కసారి చూపిస్తే ఏ పిల్లయినా జన్మలో మరిచిపోతుందా?

అలాగే "ఐ డోంట్ నో వాట్ ఈజ్ హిజ్ నేమ్" అని పెద్ద ఉద్యోగస్తులు కూడా అనేస్తారు. "వాట్ హిజ్ నేమ్ ఈజ్" అనాలి. "అతని పేరేమిటి?" అన్న ప్రశ్న "అతని పేరేమిటో" అయి ఉపవాక్యంలో చేరినప్పుడు మనం 'ఓ' తగిలిస్తాం. ఇంగ్లీషువాడికి 'ఓ' లేదు కనక మాటల వరస సరిచేసుకుంటాడు. "తెలుగులో 'ఓ' పలికినచోట ఇంగ్లీషులో ప్రశ్న వరస మానెయ్యి" అని ఒక్క ముక్క చెబితే చాలదూ?

తెలుగు అన్నిచోట్లా ఆదుకుంటుందని గొప్పలు పోను. తేడాలున్నాయి. "పొద్దున్నే లేచి, వంట చేసి, పిల్లల్ని బడికి పంపి, ఆఫీసుకి వెళ్ళాను" అని నాలుగు పనులు చేసి, ఒకే ఒక్క సమాపక క్రియతో సరిపెట్టుకుంటాం మనం. ఇంగ్లీషులో 'ఇఫ్', 'వెన్', 'హూ' అంటూ మొదలెట్టిన క్లాజుల్లో మామూలుగా దేని కర్త దానికి ఉండాలి, కాలం చెప్పే క్రియ దేనిది దానికి ఉండాలి. మనకి గుర్తు వాక్యం చివర వస్తుంది, వాళ్ళకి మొదట్లోనే వస్తుంది. "నేను రాసిన కథ", "నేను రాసిన కలం", "నేను కూర్చున్న కుర్చీ" అని అన్నిటికీ ఒకే అచ్చు వాడతాం. కథని రాశానా, కలంతో రాశానా అన్నది వినేవాళ్ళు ఊహించుకోవాలి. ఇంగ్లీషులో ఆ 'తో'నీ, 'మీద'నీ 'విత్', 'ఆన్' అని విడిగా చెప్పి తీరాలి. "ద చెయిర్ విచ్ ఐ సాట్" అని మనవాళ్ళు వదిలేసేది ఇందుకే. అయితే ఏం? ఈ తేడా కూడా తెలుగు పక్కన పెట్టి చూపిస్తేనే కదా కనబడేది? రెండు చీరలూ పక్కపక్కన పరిస్తేనే ఏది ఎంత పొట్టో తెలుస్తుంది.

ఇదంతా మార్కుల గొడవేనని మీరనుకుంటే నా బాధ మీకు పూర్తిగా అందలేదన్నమాట. మా బంధువులమ్మాయి ఒకతె చదువైపోగానే ఉద్యోగంలో చేరింది. పది పేజీల కాగితమిచ్చి సంతకం పెట్టమన్నారు. జీతం ఎంతో ఉన్న వాక్యం చూసుకుంది, మురిసిపోయింది, పెట్టింది. ఏడాది తిరక్కుండా తండ్రికి జబ్బుచేసి ఊరికి రావలసి వస్తే, శిక్షణ ఖర్చు కట్టి వెళ్ళమన్నారు. ఏమిటంటే కాగితంలో 'అన్‌లెస్' అని మొదలయ్యే ముక్క ఒకటుంది. 24 నెలలు పనిచేస్తే తప్ప ఆ ఖర్చు మాఫీ కాదట. ఆ అమ్మాయికి 'అన్‌లెస్' రాదా? భేషుగ్గా వచ్చు! అది ఎడ్వర్బ్ క్లాజ్ ఆఫ్ కండిషన్ అని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న పిల్లే. పేరు నేర్పారు గానీ, కాగితం చేతికిచ్చినప్పుడు ముందు ఆ ముక్కనే వెతుక్కోవాలని ఎవరూ నేర్పలేదు. 'అన్‌లెస్' అంటే మన 'తే తప్ప' అనీ, ముడి అక్కడే ఉందనీ చెప్పినవాళ్ళు లేరు.

అద్దె కాగితం, అప్పు కాగితం, బీమా కాగితం, ఏదైనా తీసి చూడండి. 'ఇస్తాం' అన్నది ప్రధాన వాక్యంలో పెద్దమనిషిలా కూర్చుని ఉంటుంది. 'ఒకవేళ', 'అయితేనే', 'తప్ప' అనేవి ఉపవాక్యంలో ఓ మూల నక్కి ఉంటాయి. మోసపోయేది ఆ మూలనే. సబార్డినేట్ అంటే ఆఫీసు భాషలో కింది ఉద్యోగి అని కదా అర్థం? కింది గుమాస్తా కదిలిస్తే తప్ప ఫైలు కదలనట్టే, ఈ కింది వాక్యం ఒప్పుకుంటే తప్ప పై వాక్యం ఇచ్చిన మాట చెల్లదు. ఆ మాటకొస్తే గుమ్మం మీద బోర్డులో పేరు ఇంటాయనదే ఉంటుంది, ఇల్లు నడిపేది ఎవరో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

నేను అడుగుతున్నది కొండమీది కోతిని కాదు. ఇంగ్లీషు మాస్టారూ తెలుగు మాస్టారూ వారానికొక్క పీరియడ్ కలిసి చెప్పండి. బోర్డుకి ఒక పక్క 'ఇఫ్', ఇంకో పక్క 'తే'. ఒక పక్క 'దట్', ఇంకో పక్క 'అని'. ఒక పక్క 'ఆల్దో', ఇంకో పక్క 'అయినా'. పరీక్షలో 'ఈ క్లాజు పేరేమి?' అని అడిగే మార్కుల్లో సగం తీసి, 'ఈ కాగితంలో షరతు ఎక్కడుంది? ఎవరిమీద పడుతుంది?' అన్న ప్రశ్నకివ్వండి. దానికి కొత్త పుస్తకాలక్కర్లేదు, కొత్త బిల్డింగులక్కర్లేదు. మాస్టర్లిద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చుని టీ తాగితే చాలు.

తల్లులకి కూడా ఒక మాట. ఇంగ్లీషు రాదని మీరు పిల్లల పుస్తకం ముట్టుకోవడం మానకండి. ఇవాళ రాత్రి అన్నాలయ్యాక, మీ పిల్ల చేత ఇంగ్లీషు పుస్తకంలోంచి ఒక పొడుగాటి వాక్యం చదివించి, తెలుగులో చెప్పమనండి. 'తే' ఎక్కడ పలికిందో, 'అని' ఎక్కడ పలికిందో, 'ఓ' ఎక్కడ పలికిందో వినండి. అది మీ భాష. అందులో మీకంటే పండితులెవరూ లేరు.